లేజర్ వైద్యంలో సున్నా రీడింగ్

స్ఫటికం, గాజు లాంటి ఘనపదార్థంతో కాంతిని పెంచే సాలిడ్‌స్టేట్ లేజర్‌తో పనిచేసే ల్యాబ్‌లో ఏ కొలతైనా ఒక చిన్న పనితోనే మొదలవుతుంది. కిరణానికి అడ్డంగా ఒక పలక పెట్టి, పవర్ మీటర్ ఎంత చూపిస్తోందో రాసుకుంటారు. గదిలోని వెలుతురు, మీటర్ వేడి, లేజర్‌ను ఉత్తేజపరచడానికి ఇచ్చే పంప్ కాంతిలో లీకయ్యే భాగం, ఇవన్నీ కలిసి లేజర్ తగలకుండానే ఎంతో కొంత రీడింగ్ ఇస్తాయి. ఇదే సున్నా రీడింగ్. దాన్ని తీసేశాక మిగిలేదే లేజర్ శక్తి. అదే లేజర్‌ను మనిషి శరీరం మీద వాడినప్పుడు ఈ చిన్న పని చాలా కష్టమవుతుంది. ఎందుకంటే లేజర్ తగలకపోయినా మనిషి ఆరోగ్యం మారుతూనే ఉంటుంది. నొప్పి తగ్గుతుంది, పెరుగుతుంది, చికిత్స జరిగిందన్న నమ్మకంతోనే మళ్లీ తగ్గుతుంది. గత ఆరు దశాబ్దాల్లో లేజర్ వైద్యంలో వచ్చిన విజయాలు, ఆశాభంగాలు చాలావరకు ఈ సున్నా రీడింగ్‌ను ఎంత జాగ్రత్తగా తీసుకున్నారన్న దాని మీదే ఆధారపడ్డాయి.

మొదటి లేజర్ పుట్టింది కూడా ఒక కొలతను మళ్లీ చేసి చూడటం వల్లే. రూబీ అంటే అల్యూమినియం ఆక్సైడ్ స్ఫటికం, అందులో కొద్దిపాటి క్రోమియం. దాని మీద పడిన కాంతిలో ఒక శాతం మాత్రమే ఎర్రటి వెలుగుగా తిరిగి వస్తుందని అప్పట్లో ఒక కొలత ప్రచారంలో ఉండేది. అది నిజమైతే రూబీతో లేజర్ సాధ్యం కాదు. కాలిఫోర్నియాలోని హ్యూస్ పరిశోధనశాలలో పనిచేస్తున్న థియోడర్ మైమన్ ఆ అంకెను అలాగే తీసుకోకుండా తానే కొలిచి చూశాడు. దాదాపు 75 శాతం వచ్చింది. 1960 మే 16న, ఫొటోగ్రఫీకి వాడే సర్పిలాకార ఫ్లాష్ ల్యాంప్ మధ్యలో చిన్న రూబీ కడ్డీని ఉంచి, 694 నానోమీటర్ల ఎర్రటి లేజర్ కాంతిని సాధించాడు. ఒక ప్రముఖ భౌతికశాస్త్ర పత్రిక ఆ వ్యాసాన్ని తిరస్కరించింది. ఆగస్టులో అది ‘నేచర్’లో వచ్చింది.

ఆ తర్వాత ఏడాదిన్నర గడిచిందో లేదో లేజర్ మనిషి కంట్లోకి వెళ్లింది. 1961 డిసెంబరులో న్యూయార్క్‌లోని కొలంబియా-ప్రెస్బిటేరియన్ ఆసుపత్రిలో చార్లెస్ క్యాంప్‌బెల్ రూబీ లేజర్‌తో ఒక రోగి రెటీనా (కంటి వెనకభాగంలో కాంతిని గ్రహించే పొర) మీది గడ్డను కాల్చాడు. ఆ వేగం ఆశ్చర్యపరుస్తుంది. కానీ రూబీకి ఒక హద్దు ఉందని కంటి వైద్యులు త్వరలోనే గుర్తించారు. ఎర్రటి కాంతిని రక్తం పెద్దగా పీల్చుకోదు. మధుమేహం వల్ల రెటీనా మీద పెరిగే కొత్త రక్తనాళాల మీద రూబీ పల్స్ (క్షణకాలపు కాంతి మెరుపు) సరిగా పనిచేయలేదు. ఏ రంగు కాంతిని ఏ కణజాలం పీల్చుకుంటుంది అన్న ప్రశ్న అక్కడి నుంచి ఈ రంగానికంతటికీ కేంద్రమైంది.

సాలిడ్‌స్టేట్ లేజర్ బలం సరిగ్గా అక్కడే ఉంది. ఇందులో కాంతిని పెంచే పదార్థం స్ఫటికం, గాజు లేదా గాజు ఫైబర్. వాటిలో కలిపే కొద్దిపాటి అయాన్లే తరంగదైర్ఘ్యాన్ని నిర్ణయిస్తాయి. యాగ్ అనే ఒకే స్ఫటికాన్ని తీసుకుని నియోడిమియం కలిపితే 1064 నానోమీటర్లు, హోల్మియం కలిపితే దాదాపు 2100, ఎర్బియం కలిపితే 2940. ఈ మూడూ కంటికి కనిపించని పరారుణ కాంతే. శరీరం దృష్టిలో మాత్రం మూడూ పూర్తిగా వేరు. కణజాలంలో ఎక్కువ భాగం నీరే కాబట్టి, నీరు ఏ కాంతిని ఎంత పీల్చుకుంటుందన్నదే ఇక్కడ లెక్క. 1064 దగ్గర నీరు దాదాపు పారదర్శకం, కాంతి చర్మం లోపలికి మిల్లీమీటర్ల లోతు వెళ్తుంది. 2100 దగ్గర మిల్లీమీటరులో మూడో వంతు ప్రయాణించేసరికి చాలావరకు ఖర్చయిపోతుంది. 2940 దగ్గరైతే ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోతులోనే ఆగిపోతుంది. అందుకే ఎర్బియం లేజర్ పై పొరను పలుచగా చెక్కే పనికి, చర్మానికి, పంటి ఎనామిల్‌కు సరిపోతుంది. కానీ ఆ కాంతి మామూలు సిలికా ఫైబర్ గుండా పోదు. హోల్మియం కాంతి పోతుంది. మూత్రనాళం గుండా సన్నటి ఫైబర్ పంపి కిడ్నీలో రాయిని పగలగొట్టే పని 1990ల నుంచి హోల్మియం చేతికి రావడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి.

లేజర్ స్ఫటికంలో పుట్టే వేడి గురించి భౌతికశాస్త్రవేత్తలు పడే తపన బయటివాళ్లకు అంతగా తెలియదు. 808 నానోమీటర్ల డయోడ్ కాంతితో నియోడిమియం యాగ్‌ను పంప్ చేసి 1064 తీసుకుంటే, ఒక్కో ఫోటాన్ శక్తిలో 24 శాతం తప్పనిసరిగా వేడిగా స్ఫటికంలోనే మిగిలిపోతుంది. ఇటెర్బియంను 940 దగ్గర పంప్ చేసి 1030 దగ్గర లేజర్ తీసుకుంటే ఆ నష్టం తొమ్మిది శాతం లోపే. వేడెక్కిన స్ఫటికం మధ్యలో ఒకలా, అంచుల్లో ఒకలా మారి తానే ఒక కటకంలా పనిచేయడం మొదలుపెడుతుంది. కిరణం ఆకారం చెడుతుంది, సన్నటి ఫైబర్‌లోకి సరిగా దిగదు. ఆపరేషన్ మధ్యలో శక్తి తగ్గిపోవడానికి మూలం చాలాసార్లు ఇలాంటి చోటే ఉంటుంది. స్ఫటికాన్ని ఎలా చల్లబరచాలి, ఎంత పలుచగా కోయాలి అన్న ప్రయోగాలు వైద్యానికి సంబంధం లేనివిగా కనిపించినా నేరుగా రోగి దాకా చేరతాయి.

తరంగదైర్ఘ్యం ఎంచుకోవడం సగం పనే. మిగతా సగం కాలం. 1983లో రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ ‘సైన్స్’ పత్రికలో రాసిన వ్యాసం ఈ విషయాన్ని తేల్చి చెప్పింది. చర్మంలోని ఒక చిన్న లక్ష్యం కాంతిని పీల్చుకుని వేడెక్కితే, ఆ వేడి చుట్టుపక్కలకు పాకడానికి కొంత సమయం పడుతుంది. లేజర్ పల్స్ ఆ సమయం కన్నా ముందే ముగిసిపోతే లక్ష్యం మాత్రమే దెబ్బతింటుంది, పక్కనున్న చర్మం బతుకుతుంది. ఆ సమయం లక్ష్యం వ్యాసం వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. నూరు మైక్రాన్ల రక్తనాళానికి అది సుమారు ఐదు మిల్లీసెకన్లు. ఒక మైక్రాన్ ఉండే, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ రేణువుకు ఒక మైక్రోసెకను కన్నా తక్కువ. కాబట్టి పుట్టుమచ్చలాంటి ఎర్రటి రక్తనాళాల మచ్చకు మిల్లీసెకన్ల స్థాయి పల్స్ సరిపోతుంది. పచ్చబొట్టు సిరాకు, మెలనిన్ మచ్చలకు నానోసెకన్లు కావాలి. అంత చిన్న పల్స్ ఇచ్చే క్యూ-స్విచింగ్ పద్ధతి 1962కే ల్యాబ్‌లో రుజువైంది. ఇరవై ఏళ్లు దొరికిన పరికరాన్ని దొరికిన జబ్బు మీద వాడి చూసిన వైద్యానికి, ఈ వ్యాసంతో ముందే లెక్కగట్టి లేజర్‌ను ఎంచుకునే వీలు దొరికింది. లేజర్ వైద్య చరిత్రలో ఒక్క మలుపును ఎంచుకోమంటే దీన్నే ఎంచుకోవాలి.

పల్స్‌ను ఇంకా కుదిస్తే ఏమవుతుందో చెప్పిన సంఘటన ఒక ప్రమాదం. 1985లో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో డోనా స్ట్రిక్‌లాండ్, జెరార్డ్ మూరూ ఒక పద్ధతి కనిపెట్టారు. చిన్న పల్స్‌ను ముందు కాలంలో సాగదీసి, బలం పెంచి, తర్వాత మళ్లీ కుదించడం. అలా చేస్తే స్ఫటికం పగలకుండానే అతి తీవ్రమైన పల్స్ వస్తుంది. 2018 నోబెల్‌లో వాళ్లకు వాటా దక్కింది ఈ పనికే. 1993లో మిషిగన్ విశ్వవిద్యాలయంలోని మూరూ ల్యాబ్‌లో అలాంటి ఫెమ్టోసెకను లేజర్ ఒక విద్యార్థి కంట్లో పడింది. కన్ను చూసిన యువ వైద్యుడు రాన్ కర్ట్స్‌కు రెటీనా మీద కనిపించిన గాయం చాలా వింతగా అనిపించింది. మామూలు లేజర్ గాయంలో చుట్టూ కాలినట్టు ఉండే అంచు అందులో లేదు. అంత శుభ్రంగా గాయం చేయగలిగిన లేజర్ అంత శుభ్రంగా కోయగలదు కదా అన్న ఆలోచన అక్కడే మొదలైంది. భౌతిక శాస్త్రవేత్త టిబోర్ యుహాస్‌తో కలిసి అతను చేసిన పని కొన్నేళ్లకు, చూపు సరిచేసే లాసిక్ ఆపరేషన్‌లో కంటి ముందుభాగంలోని పారదర్శక కార్నియా పొరను బ్లేడు లేకుండా లేపే పరికరంగా తయారైంది.

ఇందులోని భౌతికశాస్త్రం చాలా అందమైనది. ఒక మైక్రాన్ దగ్గరి తరంగదైర్ఘ్యం గల పరారుణ కాంతికి కార్నియా పారదర్శకం, మామూలుగా ఆ కాంతి దాన్ని తాకకుండానే దాటిపోతుంది. ఫెమ్టోసెకను అంటే సెకనులో కోటికోట్లవ భాగంలో పదో వంతు. అంత తక్కువ సమయంలోకి ఒక మైక్రోజౌల్ శక్తిని కుదించి ఒక బిందువు మీద కేంద్రీకరిస్తే, ఆ బిందువు దగ్గర మాత్రమే ఒకేసారి పలు ఫోటాన్లు కలిసి ఎలక్ట్రాన్లను పీకేస్తాయి. ప్లాస్మా (విద్యుదావేశం గల వేడి వాయువు) పుడుతుంది, చిన్న బుడగ ఏర్పడుతుంది, కణజాలం విడిపోతుంది. పైనా కిందా ఉన్న పొరలకు ఏమీ కాదు. వేడి పాకడానికి సమయమే ఉండదు.

ఆ విద్యార్థికి జరిగినది ఇంకో విషయాన్ని కూడా గుర్తుచేస్తుంది. 400 నుంచి 1400 నానోమీటర్ల మధ్య కాంతిని కన్ను తన కటకంతో రెటీనా మీదికి చేరుస్తుంది, అక్కడ తీవ్రత దాదాపు లక్ష రెట్లు పెరుగుతుంది. కనిపించని 1064 కిరణం ఈ పరిధిలోనే ఉంది. రెప్ప వేసుకునే హెచ్చరిక కూడా రాదు. లేజర్ భద్రతా పరిమితులు చాలావరకు జంతువుల కళ్ల మీద చేసిన ప్రయోగాల నుంచి వచ్చాయి. సగం సార్లు గాయం కనిపించే మోతాదు ఎంతో కొలిచి, అందులో సుమారు పదో వంతును మనిషికి హద్దుగా పెట్టారు. ల్యాబ్‌లో కళ్లజోడు నియమం వెనక ఇంత కష్టపడి సంపాదించిన సమాచారం ఉంది.

ఇక్కడిదాకా కథ భౌతికశాస్త్రం చేతిలో ఉంది. లేజర్ చేసే పని కంటికి కనిపిస్తుంది, రాయి పగులుతుంది, పొర తెగుతుంది. ఫలితం నొప్పి తగ్గడం, ఊపిరి బాగా ఆడటం, ఎక్కువ దూరం నడవగలగడం లాంటిది అయినప్పుడు పరిస్థితి మారిపోతుంది.

గుండె మీద జరిగిన ప్రయోగం కన్నా దీనికి మంచి ఉదాహరణ దొరకదు. గుండె రక్తనాళాలు బాగా మూసుకుపోయి, బైపాస్‌కు గానీ స్టెంట్‌కు గానీ వీలులేని రోగులు కొందరుంటారు. నాలుగడుగులు వేస్తే ఛాతీ నొప్పి. వాళ్ల గుండె గోడలో లేజర్‌తో సన్నటి రంధ్రాలు చేస్తే, లోపలి గదిలోని రక్తం ఆ దారుల్లో నేరుగా కండరానికి చేరుతుందని ఒక ఆలోచన. సరీసృపాల గుండెలో ఇలాంటి ఏర్పాటే ఉండటం దీనికి ప్రేరణ. 1999లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వచ్చిన ఒక అధ్యయనంలో 275 మంది తీవ్ర రోగుల్లో కొందరికి ఛాతీ తెరిచి హోల్మియం లేజర్‌తో ఈ పని చేశారు, మిగతావారికి మందులు మాత్రమే ఇచ్చారు. ఏడాది తర్వాత లేజర్ వర్గంలో 76 శాతం మందికి నొప్పి తీవ్రత కొలిచే స్కేలులో కనీసం రెండు మెట్లు తగ్గింది. మందుల వర్గంలో 32 శాతానికే. ఇంత తేడా చూసి ఎవరికైనా నమ్మకం కలుగుతుంది.

కానీ రెండు విషయాలు మింగుడుపడలేదు. చనిపోయిన రోగుల గుండెలను పరీక్షిస్తే ఆ రంధ్రాలు చాలావరకు పూడిపోయి కనిపించాయి. అంటే మొదట అనుకున్న కారణం నిలబడలేదు. కొత్త రక్తనాళాలు మొలుస్తున్నాయేమో, నొప్పి తెలిపే నరాలు దెబ్బతింటున్నాయేమో అని వేరే వివరణలు వచ్చాయి. రెండో విషయం ఇంకా ముఖ్యమైనది. ఎవరికి లేజర్ తగిలిందో, ఎవరికి తగల్లేదో రోగులందరికీ తెలుసు. ఛాతీ కోసిన గుర్తు కళ్ల ముందే ఉంటుంది. అంటే ఆ ప్రయోగంలో సున్నా రీడింగ్ లేదు.

ఆ రీడింగ్ తర్వాత వచ్చింది. ఛాతీ తెరవకుండా కాలి రక్తనాళం గుండా గొట్టం పంపి, గుండె లోపలి నుంచే హోల్మియం లేజర్ పేల్చే పద్ధతి అప్పటికి సిద్ధమైంది. ‘డైరెక్ట్’ అనే ప్రయోగంలో 298 మందిని యాదృచ్ఛికంగా మూడు వర్గాలు చేశారు. ఒక వర్గానికి ఎక్కువ రంధ్రాలు, ఇంకో వర్గానికి తక్కువ. మూడో వర్గానికి గొట్టం పంపారు, గుండె లోపల అంతా కొలిచారు, లేజర్ మాత్రం పేల్చలేదు. మత్తులో ఉన్న రోగులకు తాము ఏ వర్గమో తెలియదు. 2005లో ఫలితాలు అచ్చయ్యాయి. మూడు వర్గాల్లోనూ నొప్పి తగ్గింది, మూడు వర్గాల వాళ్లూ ట్రెడ్‌మిల్ మీద ఎక్కువసేపు నడిచారు, వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎక్కువ రంధ్రాలు పడిన వారికి ఎక్కువ మేలు జరిగిన జాడ కూడా లేదు.

ఈ ఫలితాన్ని రోగులు మోసపోయారని చదవకూడదు. వాళ్ల నొప్పి నిజంగా తగ్గింది. ఆశ, ఆసుపత్రి శ్రద్ధ, మందులు క్రమంగా వేసుకోవడం, అత్యంత చెడ్డ దశలో ప్రయోగంలో చేరినవాళ్లు సహజంగా కొంత కోలుకోవడం, ఇవన్నీ కలిసి అంత మార్పు తెచ్చాయి. అసలు ప్రశ్న ఒక్కటే: గుండెలో రంధ్రాలు చేయడం దానికి అదనంగా ఏం ఇచ్చింది? లేజర్ పల్స్ శక్తిని ఎంత కచ్చితంగా కొలిచినా ఈ ప్రశ్నకు జవాబు రాదు. ఉత్తుత్తి చికిత్స పొందిన మూడో వర్గం లేకపోతే ఈ పద్ధతి ఎన్నో వేల గుండెల్లోకి వెళ్లేది. ఆ వర్గంలో చేరడానికి ఒప్పుకున్న రోగులకు వైద్యం రుణపడి ఉంది.

ఫెమ్టోసెకను లేజర్‌కూ ఇలాంటి పరీక్ష ఎదురైంది. కార్నియాలో రాణించాక దాన్ని కంటిశుక్లం ఆపరేషన్‌కు తెచ్చారు. చేత్తో చేసే కోతలను లేజర్ మరింత గుండ్రంగా, కచ్చితంగా చేస్తుంది. ఇందులో అనుమానమే లేదు, కొలిచి చూపించవచ్చు. మరి రోగి చూపు మెరుగవుతుందా? ఫ్రాన్స్‌లో ఐదు విశ్వవిద్యాలయ ఆసుపత్రుల్లో 909 మందితో ‘ఫెమ్‌క్యాట్’ అనే ప్రయోగం చేశారు. రోగులకు తెలియకుండా ఉండేందుకు ఉత్తుత్తి లేజర్ ఏర్పాటు కూడా చేశారు. చూపు, కళ్లద్దాల పవర్, ఇబ్బందులు వంటి నాలుగు అంశాలూ బాగుంటేనే విజయమని లెక్కగట్టారు. 2020లో వచ్చిన ఫలితం ప్రకారం లేజర్ వర్గంలో విజయం 41.1 శాతం, మామూలు పద్ధతిలో 43.6 శాతం. గుండ్రటి కోత అన్నది ఇంజనీరుకు ముఖ్యమైన కొలత, రోగికి ముఖ్యమైన కొలత వేరు. ఈ రెండూ ఒకటేనని ముందే అనుకోవడం ఖరీదైన పొరపాటు.

జాగ్రత్తగా కొలిస్తే లేజర్ ఓడిపోతుందని అర్థం కాదు. 1970లలో అమెరికాలో జరిగిన డయాబెటిక్ రెటినోపతీ స్టడీలో 1,700 మందికి పైగా రోగులు చేరారు. ప్రతి ఒక్కరి రెండు కళ్లలో ఒకదానికి యాదృచ్ఛికంగా కాంతి చికిత్స చేసి, రెండోదాన్ని అలాగే వదిలారు. ఒకే శరీరం, ఒకే రక్తంలో చక్కెర, ఒకే వయసు. ఇంతకన్నా చక్కటి పోలిక ఊహించడం కష్టం. చికిత్స చేసిన కళ్లలో తీవ్రమైన చూపు నష్టం సగానికి పైగా తగ్గింది. తేడా అంత స్పష్టంగా ఉండటంతో 1976లో నియమాలు మార్చి, ప్రమాదంలో ఉన్న రెండో కంటికి కూడా చికిత్సకు అనుమతించారు. అప్పుడు వాడింది ఆర్గాన్ వాయు లేజర్, జీనాన్ ల్యాంప్. రక్తం బాగా పీల్చుకునే ఆకుపచ్చ కాంతిని తర్వాత సాలిడ్‌స్టేట్ లేజర్లే ఇవ్వడం మొదలుపెట్టాయి. నియోడిమియం కాంతిని ప్రత్యేకమైన స్ఫటికం గుండా పంపి తరంగదైర్ఘ్యాన్ని సగం చేస్తే 532 నానోమీటర్లు వస్తుంది.

కోయకుండా, కాల్చకుండా బలహీనమైన కాంతితో నయం చేయాలని చూసే తక్కువ శక్తి లేజర్ చికిత్స సంగతి మాత్రం ఇంకా చిక్కుగానే ఉంది. 1967లో బుడాపెస్ట్‌లో ఎండ్రే మెస్టర్ ఎలుకల్లో కణితులను రూబీ లేజర్‌తో నాశనం చేయాలని చూశాడు. లేజర్ బలం చాలలేదు, కణితులు పోలేదు. కానీ గొరిగిన చోట వెంట్రుకలు త్వరగా పెరిగాయి. అక్కడ పుట్టిన రంగంలో నేటికి కొన్ని గట్టి ఫలితాలున్నాయి. క్యాన్సర్ చికిత్సలో నోరు పుండ్లు పడకుండా ఈ కాంతి వాడకాన్ని అంతర్జాతీయ మార్గదర్శకాలు కొన్ని సందర్భాల్లో సిఫారసు చేస్తున్నాయి. మోకాళ్ల నుంచి మెదడు దాకా మిగతా వాటికి చెప్పే మాటల్లో చాలావాటికి అంత బలం లేదు. తరంగదైర్ఘ్యం, శక్తి, కిరణం పడిన వైశాల్యం, సమయం, వీటిలో ఏదో ఒకటి రాయకుండానే ఎన్నో అధ్యయనాలు అచ్చయ్యాయి. మోతాదు పెంచితే ప్రభావం తగ్గవచ్చు కూడా అని చెప్పే రంగంలో మోతాదు రాయకపోతే ఆ ప్రయోగాన్ని మరొకరు తిరిగి చేయలేరు. భౌతికశాస్త్ర పత్రిక ఏదీ దాన్ని అంగీకరించదు, వైద్య పత్రికలు కూడా అంగీకరించకూడదు. పైగా ఇక్కడ ఉత్తుత్తి చికిత్స చాలా తేలిక. కనిపించని కాంతే కాబట్టి స్విచ్ వేయకుండా పరికరాన్ని చర్మం మీద పెడితే చాలు, వెచ్చదనం తేడా తెలియకుండా చూసుకోవాలి అంతే.

ల్యాబ్‌లో జరిగేవీ, రోగుల మీద జరిగేవీ, ఈ రెండు రకాల ప్రయోగాలూ ఒకదాన్నొకటి ఎలా నడిపించగలవో ఇప్పుడు కిడ్నీ రాళ్ల దగ్గర చూడవచ్చు. థూలియం ఫైబర్ లేజర్‌ను 793 నానోమీటర్ల డయోడ్‌తో పంప్ చేస్తారు. థూలియం అయాన్లు తమలో తాము శక్తి పంచుకునే తీరు వల్ల ఒక్క పంప్ ఫోటాన్‌తో రెండు అయాన్లు ఉత్తేజితమవుతాయి. దానివల్ల వేడి నష్టం బాగా తగ్గుతుంది. అది ఇచ్చే 1940 నానోమీటర్ల కాంతిని నీరు హోల్మియం కాంతి కన్నా కొన్ని రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. రాయి మెత్తటి పొడిగా రాలుతుంది. ల్యాబ్ గాజుపాత్రల్లో కనిపించిన ఈ ఆధిక్యం మనుషుల్లోనూ ఉందా అని నార్వేలో 120 మందితో చూశారు. 2022లో అచ్చయిన ఆ యాదృచ్ఛిక ప్రయోగంలో థూలియం వర్గంలో 92 శాతం మందికి రాళ్లు పూర్తిగా పోయాయి, హోల్మియం వర్గంలో 67 శాతం మందికి.

కథ అక్కడితో తేలిపోలేదు. ఆ ప్రయోగంలో వాడినది మామూలు హోల్మియం లేజర్. హోల్మియంలోనే పల్స్ ఆకారం మార్చే కొత్త పద్ధతి ఒకటుంది. పల్స్ మొదటి భాగం ఫైబర్ కొన దగ్గర నీటిని ఆవిరి బుడగగా మారుస్తుంది, మిగతా భాగం ఆ బుడగ గుండా పెద్దగా నష్టపోకుండా రాయిని చేరుతుంది. 2023లో వచ్చిన మరో యాదృచ్ఛిక ప్రయోగం ఈ రకం హోల్మియంను థూలియంతో పోల్చింది. ఈసారి ఆపరేషన్‌కు పట్టే సమయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మరి మొదటి ప్రయోగంలో థూలియంకు గెలుపు తెచ్చింది దాని తరంగదైర్ఘ్యమా, పల్స్ ఆకారమా? ఆసుపత్రిలో పుట్టిన ఈ ప్రశ్నను తేల్చాలంటే రెండు లేజర్లకూ ఒకే ఆకారం, ఒకే శక్తి గల పల్స్ ఇచ్చి, నీటిలో బుడగ ఎలా పెరుగుతుందో వేగవంతమైన కెమెరాతో మైక్రోసెకను మైక్రోసెకనుకూ చూడాలి. అది మళ్లీ భౌతికశాస్త్రవేత్తల బల్ల మీద జరగాల్సిన పని.